మంచు మేసే గొంగళి

అనగనగనగా, మబ్బులకి కూడా పైన, కొండ నెత్తిమీద ఓ ఊరుందర్రా. ఆ ఊళ్ళో పొగమంచు ఎంత చిక్కగా ఉండేదంటే, ముద్ద కలిపి నోట్లో పెట్టుకోబోతే చెవిలోకి పోయేదిట. నవ్వకండి, నిజం! ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ కొండమీద గొంగళిపురుగులు ఉండేవి. మన మునగచెట్టు మీద పాకేవి కావమ్మా. ఒక్కోటి దున్నపోతంత. ఒళ్ళంతా తెల్లటి బొచ్చు. తగిలిందా, మూడు రోజులు దురదే దురద! ఓసారి రాజుగారి వీపుకే తగిలింది. పాపం, సింహాసనానికి వీపు రాసుకుంటూనే తీర్పులు చెప్పాడుట. నాలుగోనాడు చాటింపు వేయించాడు, గొంగళి కనపడితే కాగడాలతో కాల్చెయ్యమని. భటులు కాలుస్తూనే ఉన్నారు, మంచు ఏటికేడు చిక్కబడుతూనే ఉంది. ఎందుకో ఎవరికి తడుతుంది?

ఆ ఊళ్ళో సూరాలమ్మని ఓ అత్తగారు, అచ్చాయమ్మని ఆవిడ కోడలు. అత్తగారి నోరు, బాబోయ్, గచ్చకాయే! ఓ పొద్దున్న మేక తప్పిపోతే ఆవిడ వెతకడానికి వెళ్ళింది. మేక వచ్చింది, అత్తగారు రాలేదు. మధ్యాహ్నమైంది, రాలేదు. కొండకి అటుపక్క పెద్ద లోయ. ఎన్ని మాటలన్నా అత్తగారు ఇంటికి పెద్దదిక్కు కదర్రా. కోడలు కొంగు బిగించి బయల్దేరింది.

గుట్ట ఎక్కింది, గుట్ట దిగింది. బండ తడిమింది, బండ దాటింది. ముళ్ళు తడిమింది, ముళ్ళు దాటింది. ఈసారి చేతికి మెత్తగా తగిలింది. గొంగళి! అమ్మో అని పరిగెత్తబోయి టక్కున ఆగింది. దాని వెనకాల నేలంతా గడ్డిపరకతో సహా కనపడుతోంది! అది తల ఊపుకుంటూ, ఆవు గడ్డి మేసినట్టు మంచు మేస్తోంది. మేసినంత మేరా వెలుతురే.

చెయ్యి గోక్కుంటూనే దాని వెనకాల నడిచింది. మంచు ఎక్కడ చిక్కగా ఉంటే అటే పోతుంది కదా ఆ జీవం. చిక్కటి మంచు లోయ దగ్గరే. అక్కడ దాకా మేసుకుంటూ పోయేసరికి, సరిగ్గా అంచుమీద అత్తగారు! ఇంటిదారే అనుకుని ముందుకి అడుగెయ్యబోతోంది.

“అత్తయ్యా, కదలకండి!”

కొంగు పట్టి వెనక్కి లాగేసింది. సూరాలమ్మ కిందకి చూసింది. అమ్మయ్యో అని కోడల్ని కావలించుకుని, చంటిపిల్లలా ఏడ్చేసింది. “నా తల్లే, నువ్వు రాకపోతే ఏమైపోదునే!” అంది.

ఆ కేకకి భటులు కాగడాలతో వచ్చిపడ్డారు. సూరాలమ్మ కళ్ళు తుడుచుకుని గొంగళికి అడ్డంగా నిలబడింది.

“కాల్చండి చూద్దాం! ముందు నన్ను కాల్చి అప్పుడు దీన్ని కాల్చండి! కళ్ళున్నాయా మీకు? దీని వెనక చూడండర్రా!”

ఆ నోటికి భటులు నాలుగడుగులు వెనక్కేశారు. చూశారు. పరిగెత్తి రాజుకి చెప్పారు. రాజు స్వయంగా వచ్చి గొంగళి వెనకాల ఊరంతా తిరిగాడు. తన కోటకి ఎన్ని బురుజులున్నాయో ఆయనకి ఆ రోజే తెలిసింది! సిగ్గుపడి, ఆ జీవాల జోలికి ఎవరూ పోకూడదని మళ్ళీ చాటింపు వేయించాడు. కాల్చగా మిగిలిన నాలుగు గొంగళ్ళూ పదయ్యాయి, పది వందయ్యాయి. మంచు పలచబడింది. ఇరుగుపొరుగువాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నువ్వటే, నువ్వట్రా అని ఒకటే నవ్వులు. దురదంటారా, కాస్త పసుపూ నూనే రాసుకునేవాళ్ళు.

అందుకే, దేన్నయినా కొట్టేముందు అదేం చేస్తోందో ఓసారి చూడాలమ్మా.

కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పటి దారి పట్టండి.