వేలిసందుల పడవ

అనగా అనగా అనగా, మీ తాత వాళ్ళ తాతకి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, ఏడు ఏర్లు వచ్చి కలిసే ఒక పెద్ద సరసు ఉండేది. కొల్లేరు కాదు లెండి, దాని చెల్లెలనుకోండి. ఆ సరసు నడిమధ్యన జమ్ములంక అని ఒక ఊరు. చుట్టూ నీళ్ళు. ఉప్పు తేవాలన్నా పడవే, పెళ్ళికి పోవాలన్నా పడవే, పురుటికి మంత్రసానిని పిలవాలన్నా పడవే. అలాంటి ఊళ్ళో పడవ లేని కొంప ఒక్కటే ఉండేది. అది పడవలు చేసే వీరోజు కొంప.

నవ్వొస్తోందా? నవ్వండి. ఆ ఊరివాళ్ళూ నవ్వేవాళ్ళు.

ఆ లంకలో ఒక కట్టుబాటు ఉండేది. చేసినవాడు ఎక్కకూడదు. పడవ చేసిన మనిషి ఆ పడవెక్కితే అది మునుగుతుందట. ఎప్పుడు మునిగింది? ఎప్పుడూ మునగలేదు. ఎవరు చూశారు? ఎవరూ చూళ్ళేదు. ఎవడైనా ఎక్కితేగా తెలియడానికి! అయినా కట్టుబాటంటే కట్టుబాటే. చేసినవాడు ఎక్కకూడదు.

వీరోజు తాత చేశాడు, ఎక్కలేదు. తండ్రి చేశాడు, ఎక్కలేదు. వీరోజూ చేశాడు, ఎక్కలేదు. నోట్లో నాలుక లేని మనిషి. వాడి పెళ్ళాం పేరమ్మ అలాంటిది కాదు. ఆవిడది గట్టు అవతలి ఊరు. పెళ్ళయి కాపురానికి వస్తున్న రోజున తను పడవలో కూర్చుంది, పెళ్ళికొడుకు వెనకాల జమ్ముకట్టల తెప్ప మీద తడుస్తూ వచ్చాడు. పడవలో అమ్మలక్కలు కిసుక్కున నవ్వారు. పేరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ మంట ఆవిడకి ఏనాడూ చల్లారలేదు.

"ఏమయ్యా, నీకు రోషం లేదా?" అని అన్నం పెట్టినప్పుడల్లా అడిగేది.

"ఎప్పటికైనా ఒక్కసారి ఎక్కుతాలేవే," అనేవాడు వీరోజు. అని ముద్ద మింగేవాడు.

ఆ ఒక్క కోరిక తప్ప వాడికి ఇంకో కోరిక ఉన్నట్టు పేరమ్మ ఎరగదు. కొత్త పడవ చేసి నీళ్ళలోకి తోసిన ప్రతిసారీ, అది వేరేవాళ్ళని ఎక్కించుకుని పోతుంటే, మొలలోతు నీళ్ళలో నిలబడి కనుమరుగయ్యేదాకా చూసేవాడు. పేరమ్మ ఒడ్డున నిలబడి వాణ్ణి చూసేది. తిట్టుకుంటూ ఇంటికి పోయేది.

అలా ఉండగా ఒక కార్తీకంలో నాగులనే జాలరి వల విసురుతూ నీళ్ళలో పడ్డాడు. ఈత రాకనా? చేపలా ఈదేవాడు. వల కాళ్ళకి చుట్టుకుంది. ఆ రోజుల్లో పడవ అంచంటే ఒకటే మందపాటి కొయ్య. దాన్ని నున్నగా చిత్రిక పట్టి, చేపనూనె రాసి నిగనిగలాడించేవాళ్ళు. అందానికి, ఇంకెందుకు! నాగులు అంచు పట్టుకున్నాడు, చెయ్యి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. ఇంకోసారి పట్టుకున్నాడు, ఇంకోసారీ జారింది. పొద్దెక్కాక పడవ ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అంచు పొడవునా గోళ్ళ గీతలున్నాయి.

ఆ పడవ ఊరిపెద్ద భద్రయ్యది. నాగులు దానిమీద కూలికి వెళ్ళేవాడు. పెద్దకర్మ అయిన మర్నాడు భద్రయ్య వీరోజుకి కబురు పెట్టాడు. గీతలు చూడ్డానికి బాగాలేవట, చిత్రిక పట్టెయ్యమన్నాడు.

మధ్యాహ్నం పేరమ్మ గంజి పట్టుకెళ్ళింది. వీరోజు చిత్రిక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క పొర లేవలేదు. ఆ గీతల్లో తన గోళ్ళు పెట్టి చూసుకుంటున్నాడు.

"పట్టుకోడానికి ఏమీ లేదే, పేరమ్మా," అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

ఆ సాయంత్రమే అంచు మొత్తం ఊడబెరికాడు. దాని బదులు రెండు సన్నబద్దలు తీశాడు. బాగా నానబెట్టి, పడవ ఒంపుకి సరిగ్గా వంచాడు. ఒక బద్ద లోపలి వైపు, ఒక బద్ద బయటి వైపు. రెండింటి మధ్యా చిన్న చిన్న కొయ్యదిమ్మలు పెట్టి సీలలు కొట్టాడు. దిమ్మకీ దిమ్మకీ నడుమ సందు వదిలాడు. ఎంత సందు? పేరమ్మని పిలిచి ఆవిడ చెయ్యి పెట్టించాడు. తన చెయ్యి పెట్టాడు. నాగులు కూతురి బుల్లి చెయ్యి పెట్టించాడు. ముగ్గురి వేళ్ళూ దూరి, ముగ్గురి వేళ్ళూ గట్టిగా బద్దని పట్టుకున్నాక, ఇక చాలన్నాడు.

భద్రయ్య వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నాడు. పళ్ళూడిన ముసలిదాని నోరులా ఉందన్నాడు. వెంట ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. వీరోజు నవ్వలేదు. మొదటి వారం నవ్వారు. రెండో వారం, పడవ బోర్లిస్తే నీళ్ళన్నీ ఆ సందుల్లోంచి బొటబొటా కారిపోవడం చూశారు, వలతాళ్ళు కట్టుకోడానికి ఎంత వీలో చూశారు. మూడో వారానికి, మాకంటే మాకని వీరోజు ఇంటి ముందు బారులు తీరారు. ఏడాది తిరిగేసరికి లంకలో ప్రతి పడవకీ వేలిసందులే. ఒడ్డు అవతల సంతలో కూడా మా ఊరి పడవలు, మా ఊరి పడవలని గొప్పలు పోయేవాళ్ళు. పడవని నెత్తిన పెట్టుకున్నారు. చేసినవాణ్ణి మాత్రం మొలలోతు నీళ్ళలోనే నిలబెట్టారు.

పేరమ్మ ఉండబట్టలేక భద్రయ్య అరుగు దగ్గరికే పోయి అడిగింది. ఇంతమందికి ఇన్ని పడవలు చేసిపెట్టాడు కదా, ఒక్కసారి ఎక్కనిస్తే మీ సొమ్మేం పోయిందంది. భద్రయ్య కోప్పడలేదు. ఆయన చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. నిజంగానే నమ్మాడు. "నాకు మాత్రం లేదా పేరమ్మా వాడి మీద ప్రేమ? కానీ చేసినవాడు ఎక్కకూడదమ్మా," అన్నాడు. ఆ ప్రేమని ఏ ఏట్లో కలపాలో తెలియక పేరమ్మ ఇంటికొచ్చేసింది.

ఇహ ఆ ఏడు శ్రావణం వచ్చింది. వచ్చిందా, ఎవరి కొంపలు ముంచుదామా అన్నట్టే వచ్చింది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఎడతెరిపి లేని వాన. ఏడు ఏర్లూ ఒక్కసారే విరుచుకుపడ్డాయి. తెల్లారేసరికి లంకలో మోకాలి లోతు, అంబలి వేళకి మొలలోతు, పొద్దు నెత్తికెక్కేసరికి గుండెలోతు. పడవల్లో కొన్ని తెగి కొట్టుకుపోయాయి. ఉన్నవాటిలో జనాన్ని కుక్కి గట్టుకి పంపుతున్నారు. ఎక్కించేదెవరు? వీరోజే. ముసలమ్మల్ని ఎత్తి ఎక్కించాడు, చంటిపిల్లల్ని అందించాడు, నాగులు కూతుర్ని భుజాన పెట్టుకొచ్చి కూర్చోబెట్టాడు.

చివరికి మిగిలింది భద్రయ్య పడవ. భద్రయ్య, ఆయన ఇంటిల్లిపాదీ, ఇంకొందరు ఎక్కారు. వీరోజు పేరమ్మని ఎత్తి లోపల దించాడు. దించి, అంచు మీద చెయ్యి వేసి, కాలు ఎత్తాడు.

"వీరోజూ," అన్నాడు భద్రయ్య. "చేసినవాడు ఎక్కకూడదురా. ఇంతమంది ప్రాణాలు."

వీరోజు ఎత్తిన కాలు దించేశాడు.

"ఎక్కను పెద్దయ్యా. బయట నుంచి పట్టుకుని వస్తాను."

అలాగేనన్నారు. పడవ కదిలింది. వీరోజు నీళ్ళలో తేలుతూ, వేలిసందులో నాలుగు వేళ్ళు దూర్చి పట్టుకున్నాడు. పేరమ్మ లోపల నుంచి ఆ వేళ్ళ మీద తన చెయ్యి వేసింది. చల్లగా ఉన్నాయి. ఏడవలేదు ఆవిడ. గట్టెక్కాక ఈ ఊరి మొహం చూడకుండా మొగుణ్ణి పుట్టింటికి లాక్కుపోదామని గట్టిగా అనుకుంది.

నడి సరసుకి వచ్చేసరికి గాలి రేగింది. పడవ వీరోజు ఉన్న వైపుకి ఒరిగింది. లోపల గగ్గోలు పుట్టింది. వాడి బరువుకే ఒరుగుతోందని ఒకడన్నాడు. చేసినవాడి చెయ్యి పడితే చాలు, ఎక్కినట్టేనని ఇంకొకడన్నాడు. అందరూ భద్రయ్య మొహం చూశారు. భద్రయ్య వీరోజు వైపు చూశాడు.

"పట్టుకోనివ్వండయ్యా," అన్నాడు వీరోజు.

ఎవరూ పలకలేదు. భద్రయ్య లేచి, తూలుకుంటూ ఆ వైపుకి వచ్చాడు.

"పట్టుకోనివ్వండయ్యా. కాళ్ళు ఆడిస్తున్నాను, బరువు పెట్టట్లేదు."

ఎవరూ పలకలేదు. పేరమ్మ భద్రయ్య కాళ్ళకి అడ్డం పడింది. ఇద్దరు ఆవిడ రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఆవిడ తిట్టిన తిట్లు మీకు చెప్పకూడదు, కానీ ఆ పడవలో ఉన్నవాళ్ళందరికీ అవి సరిగ్గా సరిపోయాయి.

"పట్టుకోనివ్వండయ్యా," అన్నాడు వీరోజు మూడోసారి.

భద్రయ్య వంగాడు. చిటికెన వేలు తీశాడు. ఉంగరపు వేలు తీశాడు. నడిమి వేలు తీశాడు. చూపుడు వేలు దానంతట అదే వదిలేసింది. నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతున్నాయి. వీరోజు తల ఒకసారి కనబడింది, రెండోసారి కనబడింది. మూడోసారి పేరమ్మ ఎంత వెతికినా కనబడలేదు.

ఇప్పుడు వినండి. వాణ్ణి వదిలించుకున్నారు కదా! కట్టుబాటు నిలబెట్టారు కదా! గట్టు కనబడుతుండగా, గట్టు మీద జనం చేతులు ఊపుతుండగా, ఏటిపోటు అడ్డంగా వచ్చి కొట్టింది. పడవ పల్టీ కొట్టి బోర్లాపడింది. అందరూ నీళ్ళలో పడ్డారు. ఒకళ్ళూ పోలేదు. ఎలా పోతారు? చేతికి అందినచోటల్లా ఒక వేలిసందు ఉంది. ముసలివాళ్ళ వేళ్ళు దూరాయి, ఆడవాళ్ళ వేళ్ళు దూరాయి, పిల్లల వేళ్ళు దూరాయి. బోర్లించిన పడవకి రెండు వైపులా వేలాడుతూ, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని, గట్టువాళ్ళు తాళ్ళు విసిరేదాకా ఉన్నారు. బరువెక్కువైందని అప్పుడు ఎవరూ ఎవరి వేళ్ళూ తియ్యలేదు.

పేరమ్మ పక్క సందునే భద్రయ్య పట్టుకున్నాడు. ఆయనకి ఈత రాదు. మీసాల దాకా నీళ్ళు. ఆయన వేళ్ళు ఆవిడ మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆవిడ వాటినే చూస్తోంది. ఆవిడ చూడ్డం ఆయన చూశాడు. తాడు వచ్చి తగిలేదాకా ఆవిడ ఆ వేళ్ళ మీంచి చూపు తిప్పలేదు. తియ్యలేదు ఆవిడ. ఎందుకు తియ్యలేదని ఎంతమంది అడిగినా చచ్చేదాకా చెప్పలేదు.

వరద తీసింది. వీరోజు దొరకలేదు. ఊరు ఊరంతా పేరమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఏడుపుదేముంది, ఊరికే వస్తుంది. భద్రయ్య వీరోజుకి రాయి నిలబెడతానన్నాడు. దీపం పెట్టిస్తానన్నాడు. ఏటేటా నీళ్ళకి నైవేద్యం ఇప్పిస్తానన్నాడు. పేరమ్మ మూడూ వద్దంది.

"నువ్వు కొత్త పడవ చేయించుకో పెద్దయ్యా," అంది. "నీళ్ళలోకి తోసే రోజున నాకు కబురు పెట్టు."

పక్క లంక నుంచి వడ్రంగిని పిలిపించి చేయించాడు. తోసే రోజున పేరమ్మ వచ్చింది. ఆ వడ్రంగిని చెయ్యిపట్టి ముందు పడవలో కూర్చోబెట్టింది. వాడు గజగజా వణికాడు. తను వాడి పక్కన కూర్చుంది. భద్రయ్యని నీళ్ళలోకి దిగమంది. ఆయన పంచె కట్టుతోనే మెడలోతుకి దిగాడు. వేలిసందులో వేళ్ళు పెట్టమంది. పెట్టాడు. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తోంది.

"ఇప్పుడు అడుగు," అంది.

ఏమని అడగాలో ఆయనకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. "పట్టుకోనివ్వమ్మా," అన్నాడు. పేరమ్మ మొహం తిప్పుకుంది. "పట్టుకోనివ్వమ్మా," అన్నాడు. పేరమ్మ వినబడనట్టే కూర్చుంది. మూడోసారి ఆయన ఏడుస్తూ అడిగాడు. అప్పుడు పేరమ్మ చెయ్యి చాచి ఆయన్ని పైకి లాగింది. ఆ పడవ మునగలేదు. ఆ తరవాత చేసినవాడు ఎక్కిన ఏ పడవా మునగలేదు.

ఆ సరసు చుట్టుపక్కల లంకల్లో ఇప్పటికీ కొత్త పడవ తోసేటప్పుడు ఇలాగే చేస్తారు. చేసినవాడు ముందు ఎక్కుతాడు. పడవ ఆసామి ఎంత గొప్పవాడైనా నీళ్ళలో దిగి, వేలిసందు పట్టుకుని అడుగుతాడు. మొదటిసారి అడిగితే పడవలో ఉన్నవాడు పలకడు. రెండోసారీ పలకడు. మూడోసారి చెయ్యి అందిస్తాడు. ఒడ్డున డప్పులు మోగుతాయి, బెల్లం పంచుతారు, పిల్లలు కేరింతలు కొడతారు.

ముసలమ్మలు మాత్రం బెల్లం పుచ్చుకోరు. వీరోజుకి మూడోసారి కూడా ఎవరూ చెయ్యి అందివ్వలేదు.