పదకొండో నీళ్ళు

"తినేశారు మేడం," అన్నాడు ఫణీంద్ర. "ఇచ్చిన విత్తనాలు ఇచ్చినట్టే వండుకు తినేశారు."

తాయారమ్మ గారు చెప్పు విప్పి అందులో దూరిన రాయిని దులుపుకుంటున్నారు. తల ఎత్తలేదు.

మలావీ దేశంలో, దక్షిణాన, చిసోంబే అనే ఊరి బోరింగు దగ్గర ఉన్నారు వాళ్ళిద్దరూ. ఫిబ్రవరి నెల. అక్కడ అది ఆకలి నెల. నిరుటి మొక్కజొన్న అయిపోయి ఉంటుంది. కొత్త పంట ఇంకా చేతికి రాదు.

తాయారమ్మ గారిది పొదిలి దగ్గర ఒక పల్లె. వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదువుకుని, ఇక్కడి పల్లెల పేదరికం మీద పరిశోధన చేస్తూ ఇరవై ఎనిమిదేళ్ళు ఈ దేశంలోనే గడిపేశారు. ఫణీంద్ర తెనాలి వాడు. కొత్తగా డాక్టరేటు తీసుకుని, ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చి ఎనిమిది నెలలయింది. చిచేవా భాషలో ప్రశ్నలు అడిగేంత వచ్చు. జవాబులు పూర్తిగా అర్థమయ్యేంత రాదు.

నవంబరులో ఒక పథకం కింద చుట్టుపక్కల పదహారు ఊళ్ళలో మేలురకం మొక్కజొన్న విత్తనం పంచారు. ఇంటికో ఐదు కిలోల సంచి. దాన్ని పంచడం, ఎంతమంది విత్తుకున్నారో తేల్చడం వీళ్ళ పని. ఫణీంద్ర తేల్చాడు. పదమూడు ఊళ్ళు విత్తుకున్నాయి. మూడు ఊళ్ళలో సగానికి పైగా ఇళ్ళు విత్తలేదు. ఆ మూడు ఊళ్ళనూ వచ్చే ఏడు జాబితాలోంచి తీసెయ్యాలని రిపోర్టులో రాశాడు. కారణం అన్నచోట 'రైతుల్లో అవగాహన లోపం' అని రాశాడు. తాయారమ్మ గారి సంతకం పడితే చాలు, సాయంత్రం నాలుగింటికల్లా డ్రైవరు దాన్ని జిల్లా ఆఫీసులో ఇచ్చేస్తాడు. ఆ మూడు ఊళ్ళలో మొదటి పేరు చిసోంబే.

సర్వే ప్రశ్నలు పంతొమ్మిది పేజీలుంటే పన్నెండుకు కుదించిందీ అతనే. ఇంట్లో తిండిగింజలు ఎన్నాళ్ళకు ఉన్నాయి, ఎన్ని పూటలు తిన్నారు అనే భాగం మొత్తం ఎత్తేశాడు. ఊరికే టైము తినేస్తోందని. అప్పుడు తాయారమ్మ గారు మలేరియాతో ఆసుపత్రిలో ఉన్నారు. తిరిగొచ్చేసరికి సర్వే అయిపోయింది.

"మా తాత చచ్చినా విత్తనం ముట్టేవాడు కాదు మేడం. రైతంటే అదీ."

"మీ తాతకెన్ని ఎకరాలు?"

"పన్నెండు. కాలవ కింద మాగాణి."

"ఊఁ," అన్నారామె, చెప్పు తొడుక్కుంటూ.

"పైగా మందు పట్టించిన విత్తనం! విషం! తినకూడదనే కదా దానికి గులాబీ రంగు వేసేది? సంచి మీద పుర్రె బొమ్మ కూడా వేసి ఇచ్చాం. చదువు రాకపోయినా బొమ్మ కనబడుతుంది కదా. ఆ మాత్రం తెలీకపోతే వీళ్ళకి ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?"

రిపోర్టు, పెన్ను ముందుకు చాపాడు. ఆమె పెన్ను తీసుకుని తన సంచిలో వేసుకున్నారు. రిపోర్టు ముట్టుకోలేదు.

"జీపులో నమూనా సంచి ఉందా?"

"ఉంది."

"పట్రా. ప్లాస్టిక్ గిన్నె కూడా."

తెచ్చాడు. తాయారమ్మ గారు ఒక గ్లాసెడు విత్తనాలు గిన్నెలో పోశారు. తిరనాళ్ళలో అమ్మే చక్కెర బిళ్ళల్లాగా ముచ్చటైన గులాబీ రంగులో ఉన్నాయి.

"కడుగు."

"ఎందుకు మేడం?"

"తినేదానికి."

బోరింగు దగ్గర పదిమంది దాకా ఆడవాళ్ళు బకెట్లతో లైనులో ఉన్నారు. ఫణీంద్ర గొంతుక్కూర్చుని గిన్నెలో చెయ్యి పెట్టేసరికి వాళ్ళకు నవ్వాగలేదు.

"పెళ్ళాం తరిమేసినట్టుంది."

"అసలు పెళ్ళయితే కదా! అలా కడిగేవాడికి పిల్లనెవరిస్తారు?"

తాయారమ్మ గారు ఆ మాటల్ని ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పారు. ఫణీంద్ర చెవులు ఎర్రబడ్డాయి. మొదటి నీళ్ళు నెత్తురు కడిగినట్టు వచ్చాయి. గిన్నె పక్కకు వంచబోయాడు.

"అక్కడ కాదు!"

అరిచింది ఎనెలేసి. యాభై ఏళ్ళుంటాయి. లైనులో ముందున్నది ఆమే. అక్కడ పెద్ద ఆడవాళ్ళను మాయి అంటారు, అమ్మ అని. మాయి ఎనెలేసి ఇంటికి ఫణీంద్ర సర్వేకి వెళ్ళాడు. విత్తనం ఎందుకు వెయ్యలేదని అడిగితే "తిన్నాం" అంది. అతను టిక్కు పెట్టుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళాడు.

"ఆ దడి అవతల గొయ్యి ఉంది. అందులో పారబొయ్యి. ఇక్కడ పోస్తే కోళ్ళు తాగి చస్తాయి."

ఫణీంద్ర దడి దాటి వెళ్ళాడు. మోకాటి లోతు గొయ్యి. పిల్లలు దిగకుండా పైన ముళ్ళకంప కప్పి ఉంది. కంప తీశాడు. గోతిలో మట్టంతా గులాబీ రంగులో ఎండి, పెచ్చులు కట్టి ఉంది.

కాలితో ఒక పెచ్చు కదిపి చూశాడు.

వచ్చి మళ్ళీ కడిగాడు. రెండో నీళ్ళు. మూడో నీళ్ళు. ప్రతిసారీ దడి అవతలికి వెళ్ళి పోసి వస్తున్నాడు. నాలుగో నీళ్ళకి నడుం పట్టేసింది.

"చాలా మేడం?"

"తింటావా?"

ఐదో నీళ్ళు పట్టాడు. బోరింగు కొడుతున్నది ఎనెలేసి. ఆమె బకెట్టు ఖాళీగా పక్కన ఉంది.

"తొందరగా కానీ, నాయనా. నీ వంట అయ్యేలోపు మా పొద్దు గూకేట్టుంది."

లైనులో మళ్ళీ నవ్వులు. ఫణీంద్ర తలెత్తి ఆమెనే అడిగాడు, వచ్చీరాని చిచేవాలో.

"ఇంకా ఎన్ని?"

"పెద్దవాళ్ళకైతే తొమ్మిది నీళ్ళు," అంది ఎనెలేసి. "పిల్లలకి పదకొండు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ జవాబు అతనికి అర్థమయింది. తాయారమ్మ గారు తెలుగులో చెప్పలేదు.

ఆరు. ఏడు. ఎనిమిది. బోరింగు పిడి కిర్రుమంటోంది. తొమ్మిదో నీళ్ళ దగ్గర ఫణీంద్ర ఆగలేదు. పదకొండో నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకెత్తి చూశాడు. అడుగున సన్నగా, లేతగా, గులాబీ రంగు ఇంకా ఉంది.

"పోలేదు," అన్నాడు.

"పోదు," అంది ఎనెలేసి. "మేమూ ఇక్కడే ఆపుతాం."

"మీకేమీ కాలేదా?"

"మనవరాలికి రెండు రోజులు వాంతులయ్యాయి. బతికింది."

రోడ్డు మీద డ్రైవరు హారను కొట్టాడు. మూడున్నర అయింది. ఇప్పుడు బయల్దేరితేనే నాలుగింటికి ఆఫీసులో ఉంటాడు.

తాయారమ్మ గారు సంచిలోంచి పెన్ను తీశారు.

"ఆ గింజలు గోతిలో పోసి రా. సంతకం పెడతాను."

ఫణీంద్ర గిన్నె తీసుకుని లేచాడు. గింజలు నీళ్ళు తాగి ఉబ్బాయి. రంగు దాదాపు పోయి ఇప్పుడు మామూలు మొక్కజొన్నల్లాగే ఉన్నాయి. దడి వైపు నడుస్తుంటే లైనులో ఉన్న పదిమందీ తన వైపు చూస్తున్నట్టనిపించింది. తిరిగి చూశాడు. వాళ్ళు తనను చూడటం లేదు. గిన్నెను చూస్తున్నారు.

గొయ్యి దగ్గర నిలబడ్డాడు. గిన్నె వంచబోయాడు. వంచలేకపోయాడు.

డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు.

"ఏందబ్బాయ్, అక్కడే నిలబడ్డావు?"

"పొయ్యలేకపోతున్నా మేడం."

"విషం గదా."

అతను గిన్నె రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉన్నాడు.

తాయారమ్మ గారు లేచి వచ్చారు. అతని చేతుల్లోంచి గిన్నె లాక్కుని గోతిలో బోర్లించారు. కాలితో మట్టి తోశారు. ఇంకా తోశారు. ఒక్క గింజ కూడా కనబడనంత దాకా తోసి, ముళ్ళకంప ఈడ్చి గొయ్యి కప్పారు. ముల్లు గుచ్చుకుని చేతి మీద నెత్తురు వచ్చింది. చీర కుచ్చిళ్ళకు తుడుచుకున్నారు. అవతల లైనులో ఎవరో నిట్టూర్చారు.

ఇన్ని నెలల్లో ఆమెకింత కోపం రావడం ఫణీంద్ర చూడలేదు. ఎవరి మీద అని అడగలేదు.

"ఏదీ, ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఫణీంద్ర రిపోర్టును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. జీపు దగ్గరికి వెళ్ళి డ్రైవరుతో చెప్పాడు.

"నువ్వు వెళ్ళు. రిపోర్టు ఇవాళ రాదని చెప్పు."

"మరెప్పుడు వస్తుందని అడుగుతారు సార్."

"తెలీదను. ప్రశ్న ఒకటి మిగిలిపోయిందని చెప్పు."

జీపు వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ ఊళ్ళోంచి ఎలా వెళ్తారో ఎవరూ మాట్లాడలేదు.

ఎనెలేసి బకెట్టు నిండింది. పక్కనున్నామె సాయం పడితే తల మీదికి ఎత్తుకుంది. ఫణీంద్ర ఆమె ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కాగితం లేదు. పెన్ను తాయారమ్మ గారి దగ్గరే ఉంది.

"మాయి, నవంబరులో మేం విత్తనాల సంచి ఇచ్చిన రోజు, మీ ఇంట్లో తినడానికేముంది?"

ఎనెలేసి తల మీద బకెట్టు కదలకుండా కళ్ళు మాత్రం దించి అతన్ని చూసింది.

"సంచి ఉంది," అంది.