రాజుగారి మొదటి కోత

కొత్త రథం కోసం తెచ్చిన టేకు దుంగ మీద మొదటి కోత రాజుగారే కోయాలని వేగలపురంలో ఆనవాయితీ. రాజు గజభూపతి పుట్టి బుద్ధెరిగాక రంపం పట్టింది లేదు. కొత్తచేతికి తేలికైనదే మేలని కోతగాడు ఎర్రప్ప మూరెడు చేతిరంపం తెచ్చాడు.

"ఇదేమిట్రా, ఆవకాయ ముక్కలు కొయ్యమనా? రాజ్యంలోకెల్లా పెద్ద రంపం తీసుకురా! లేదంటే కొరడా దెబ్బలే!" అని రాజు గర్జించాడు.

"చిత్తం, పెద్దదే ప్రభువులకు శోభ" అని పక్కనున్న మంత్రి తలూపాడు.

ఎర్రప్ప వెళ్లి ఆరు మూరల రంపం మోసుకొచ్చాడు. ఒక కొసన పిడి రాజు చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకున్నాడు.

"మధ్యలో నువ్వెందుకురా?"

"ఇది ఇద్దరు లాగే రంపం ప్రభూ. తమరు లాగితే నేను ముందుకు రావాలి, నేను లాగితే తమరు రావాలి. దుంగ తెగేసరికి ఓ వెయ్యిసార్లు తమర్ని నావైపు లాక్కుంటాను. చూడ్డానికి ఊరంతా వచ్చింది."

రాజు జనం వంక చూశాడు. గబుక్కున చేతిరంపం అందుకుని, వేలెడు లోతు కోసి చెమట తుడుచుకున్నాడు.

"ఆనవాయితీ తీరింది. మంత్రీ, పెద్దదే శోభ అన్నావుగా! వచ్చి ఈ పిడి పట్టుకో."

ఎర్రప్ప లాగాడు. మంత్రిగారు తలపాగాతో సహా వచ్చేశారు.