గాడిద లేని గాడిద మేళం

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక గోరింక, ఆ గోరింక కడుపులో ఎవరికీ చెప్పని మాట ఒకటి. తన మేళాన్ని అందరూ "గాడిద మేళం" అంటుంటే దానికి తల కొట్టేసినట్టుండేది.

గోరింక పేరు కుందన. పాట ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్ళి పందిళ్ళ మీద వాలి, విని విని పట్టేసింది. మేళం పెట్టిందీ తనే, పాడేదీ తనే. డోలు పని వడ్రంగిపిట్ట మల్లేశుది. ఏ ఎండు మాను దొరికితే దానిమీద ముక్కుతోనే వాయించేస్తాడు. ఇక శ్రుతి పట్టేది గాడిద భద్రయ్య. పాటకి ముందు నిలబడి ఒక పొడుగాటి ఓండ్ర పెట్టడం, అంతే ఆయన పని. కానీ ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. శ్రుతి వినబడందే పెళ్ళి ఊరేగింపులో ఎవరూ అడుగు ఎత్తరు.

"పాడేది నేను, పేరేమో గాడిదది" అని కుందన లోపల కుమిలిపోయేది. పైకి మాత్రం, భద్రయ్య బాబాయ్ లేందే మేళమే లేదని అందరికీ చెప్పేది.

అలాంటి రోజుల్లో ఊసరవెల్లి చంచలరావు దిగాడు. మేళాలకీ దుకాణాలకీ పేరూ, బొమ్మా, రంగూ కుదర్చడం అతని వృత్తి. ఒక కన్ను మేళం ముందుకీ, ఒక కన్ను వెనక్కీ తిప్పి చూసేశాడు.

"మేడం, మీకు పాట ఉంది. బ్రాండ్ లేదు" అన్నాడు.

కొత్త పేరు 'హరితస్వర' అన్నాడు. లోగో ఒక చిగురాకు అన్నాడు. అందరికీ తల నుంచి తోక దాకా ఆకుపచ్చ యూనిఫాం అన్నాడు. ఆ వేళ అతను ఆకుల మధ్య కూచున్నాడు మరి. ఎండుగడ్డి మీద కూచుని ఉంటే ఇంకో రంగు చెప్పేవాడు. చివరికి గొంతు తగ్గించి, ఆ గాడిద మాత్రం లోగోలో ఇమడదన్నాడు.

కుందన వాదించలేదు. నిజం చెప్పాలంటే, దానికి ప్రాణం లేచొచ్చింది.

కానీ భద్రయ్యకి ఆ మాట చెప్పే ధైర్యం ఏదీ? "బాబాయ్, నీ గొంతు కాస్త జీరబోయింది. కొన్నాళ్ళు ఇంట్లో ఉండి చూసుకో" అంది. పాపం, భద్రయ్య నమ్మేశాడు. మిరియాల కషాయం మొదలుపెట్టాడు. ఫోన్లో వాయిస్ మెసేజులు కూడా మొదలుపెట్టాడు. కుందన వాటిని తెరవలేదు. అడవిలో ఫోన్లేమిటని అడక్కండి. గాడిద శ్రుతి పట్టిందంటే నమ్మారుగా.

కొత్త బ్రాండ్ బయల్దేరింది. పోస్టర్లు లేత మోదుగాకుల మీద వేయించారు. కట్టిన పూటే దుప్పులు తినేశాయి. రుచి బాగుందని కబురు కూడా పంపాయి.

తర్వాత పేరుతో తంటా. దారిలో ఎవరైనా మీరెవరని అడిగితే మల్లేశు "హరి... హరిత..." అని నసిగి, "అదేనండీ, గాడిద మేళం" అనేవాడు. కుందన అతని తోక మీద ఒక్కటి పొడిచేది.

మూడో తంటా ఏనుగుల పెళ్ళిలో. పొద్దున్నే ఊరేగింపు బయల్దేరి, వాగు దాటి, ఎండ నడినెత్తికి రాకముందే పందిరి చేరాలి. ఆ ముహూర్తం తప్పితే మళ్ళీ ఏడాదికే. మేళం పొదల పక్కన నిలబడింది. పచ్చటి పొదలు, పచ్చటి మేళం. శ్రుతి తనే అందుకుంటానని కుందన తియ్యగా ఈల వేసింది.

ఒక్క ఏనుగూ కదల్లేదు.

"ఏదో పిట్ట కూస్తోంది. మేళం ఇంకా రాలేదేం?" అన్నారెవరో వెనక నుంచి.

కుందన గొంతు చించుకుంది. మల్లేశు ముక్కు అరిగేలా వాయించాడు. పెళ్ళికూతురి తల్లి వరాలమ్మ వాళ్ళ నెత్తిమీదుగా దారికేసి చూస్తోంది. పెళ్ళికూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక లాభం లేదని కుందన ఎగిరి వరాలమ్మ తొండం మీద వాలింది.

"వచ్చేశాం పెద్దమ్మా. ఇదిగో మా కొత్త బోర్డు."

"బోర్డు నాకెందుకే? నా కాళ్ళకి చదువు రాదు" అంది వరాలమ్మ. "ఆ భద్రయ్య ఓండ్ర పెడితే వాటంతటవే లేస్తాయి. వాడేడీ?"

కుందన ఫోను తీసి, భద్రయ్య మొదటి మెసేజ్ తెరిచింది. "అమ్మాయ్, కషాయం తాగాను. ఎలా ఉందో విని చెప్పు." వెంటనే ఓండ్ర.

ఏనుగుల చెవులు చిన్నవి కావు కదా. ఊరేగింపంతా ఒక్కసారిగా కాలెత్తింది. మెసేజ్ అయిపోయింది, ఊరేగింపు ఆగింది. రెండోది పెట్టింది. వాగు మధ్యదాకా నడిచారు. అందరూ నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉండగా మూడోది పెట్టింది. అందులో ఓండ్ర లేదు.

"అమ్మాయ్, నువ్వేం చెప్పట్లేదు. నా గొంతు పోయిందా? పోతే పోయిందని చెప్పు. మీరు పాడుతుంటే దూరంగా నిలబడి వింటాను."

ఊరేగింపంతా విన్నది.

"మొదటిదే మళ్ళీ మళ్ళీ పెట్టండి మేడం, పందిరి దాకా సరిపోతుంది" అని గుసగుసలాడాడు చంచలరావు. అతను అప్పటికే ఏనుగు రంగులోకి మారిపోయి వరాలమ్మ వీపు మీద ఉన్నాడు. అతను చెప్పింది నిజమే, సరిపోతుంది.

"వాడి గొంతుకేమైందే?" అని మెల్లగా అడిగింది వరాలమ్మ.

"ఏమీ కాలేదు పెద్దమ్మా" అంది కుందన. "నాకే సిగ్గేసింది."

ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి.  వాగు గలగలమంటోంది. ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. నిజం విన్నాక భద్రయ్య ఓండ్ర పెడతాడో, ఫోన్ పెట్టేస్తాడో కుందనకి తెలీదు. ఏదైనా సరే, ముందు నిజం, తర్వాతే శ్రుతి అనుకుంది. ఆకుపచ్చ చొక్కా విప్పి వాగులో వదిలేసి, భద్రయ్యకి ఫోన్ చేయాల్సిందేనని నిశ్చయించుకుంది.

నీతి: నలుగురూ మనల్ని దేనితో గుర్తుపడతారో దాన్ని చూసి సిగ్గుపడి దాచేస్తే, ఎంత అందమైన బోర్డు కట్టినా దాని వెనక మనం కనపడం.