చింతగింజలతో తూచిన నాదం

నాలో ఉన్న ఒక మంచి గుణం ముందే చెప్పుకుంటాను. మా ఇంట్లో ఏ వస్తువును ఎంతపెట్టి కొన్నానో, వచ్చినవాళ్లు అడగకముందే చెప్పేస్తాను. దాపరికం నాకు గిట్టదు. కాస్త పెంచి చెబుతాననుకోండి, అది ఆ వస్తువు మీద నాకున్న గౌరవం. నా దగ్గర ఒక వీణ కూడా ఉంది. వాయించడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, సొంతంగా సాధించాను. ఆ సంగతి నేను చెప్పనక్కర్లేదు. రెండు తీగలు మీటగానే వినేవాళ్లకు తెలిసిపోతుంది. అందుకే మీటకముందే వెల చెబుతాను.

కనుక వీణల వెల గురించిన కథ చెప్పడానికి నాకంటే తగినవాడు దొరకడు. పిల్లలూ, దగ్గరికి జరగండి. పెద్దలు ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదు.

ఏ పంచాంగంలోనూ దొరకని ఒక సంవత్సరంలో, ఏ పటంలోనూ కనపడని గోగులకొండ రాజ్యాన్ని మల్లభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడు. సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు. సంగీతం ఎలా ఉంటుందో మాత్రం ఆయనకు అంతగా తెలియదు.

ఆయన సభలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఏ వాయిద్యం తెచ్చినా సరే, వాయించే ముందు చాటింపువాడు లేచి దాని వెల చాటాలి. ఎంత శ్రద్ధగా వినాలో సభికులకు తెలియాలి కదా! పది వరహాల మృదంగానికి వాళ్ల గడ్డాలు మాత్రం కదిలేవి. నూరు వరహాల వేణువుకు మెడలు ఊగేవి. వెయ్యి దాటిందంటే నడుము దాకా ఊగిపోయేవారు.

ఆ రాజ్యానికి తూర్పున రాజుగారి పనసతోపు ఉండేది. దాన్ని చూసుకునేవాడు పోలయాచారి. వీణలు చెయ్యడం అతని వృత్తి. నలభై ఏళ్లు నిండని చెట్టును గొడ్డలి తాకనిచ్చేవాడు కాదు. ఏడాదికి రెండు చెట్లకు మించి కొట్టేవాడు కాదు. కొట్టిన చోట ఆ పూటే పనస పిక్క నాటేవాడు. తాను నాటిన చెట్టుతో తాను వీణ చెయ్యలేడని అతనికి తెలుసు. తాత నాటిన చెట్టుతో చేసేవాడు, మనవడి కోసం నాటేవాడు.

ఒకనాడు నాగిశెట్టి అనే వర్తకుడు బంగారు వీణతో సభకు వచ్చాడు. దాని కుండ మీది పలకకు బంగారు రేకు కొట్టించాడు. దండి చివర సింహంలా చెక్కిన యాళి ముఖానికి కెంపుల కళ్లు పెట్టించాడు. ఎండలో చూస్తే కళ్లు మూసుకోవలసిందే.

"మహాప్రభూ, పనసతోపు నాకు ఇప్పించండి. చెట్లన్నీ ఒక్కసారిగా కొట్టించి, ఇలాంటి వీణలు వెయ్యి చేయించి, దేశదేశాల రాజులకు అమ్ముతాను. ప్రతి వీణ మీదా మీ పేరు చెక్కిస్తాను" అన్నాడు.

పోలయాచారి చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "ప్రభూ, చెట్లన్నీ ఒకేసారి కొట్టేస్తే మళ్లీ నలభై ఏళ్లు ఈ రాజ్యంలో వీణ పుట్టదు."

రాజు ఇద్దరినీ చూశాడు. "వాదన ఎందుకు? ఎవరి వీణ గొప్పదైతే తోపు వారిది. మూడు రోజులు వింటాం. ముద్దసాని వాయిస్తుంది."

ముద్దసాని ఆస్థాన వైణికురాలు. యాభై దాటిన మనిషి. వేళ్లు ఎంత మెత్తనో నాలుక అంత పదును.

మొదటి రోజు చాటింపువాడు లేచాడు. "నాగిశెట్టిగారి వీణ! వెల పదివేల వరహాలు!"

ముద్దసాని తీగ మీద వేలు పెట్టకముందే సభ ఊగడం మొదలైంది. వాయించాక అడగనక్కర్లేదు. "అమృతం!" అన్నాడు ఒకాయన. ఇంకొకాయన ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు.

"పోలయాచారి వీణ! వెల రెండు వందల వరహాలు!"

అదే పాట, అవే వేళ్లు. రెండు వందల వరహాలకు ఎంత ఊపాలో అంతే ఊపారు. అమృతమన్న ఆయన పక్కవాడితో, "ఏదో గుమ్మడికాయ తట్టినట్టుంది కదూ?" అన్నాడు.

"గుమ్మడికాయ కాదు, మీ తల" అంది ముద్దసాని. పెద్దగా మాత్రం అనలేదు.

రాజుకు కొంచెం అనుమానం వచ్చింది. "బంగారం కళ్లకు కొడుతోంది. రేపు తెర కట్టండి" అన్నాడు.

రెండో రోజు తెర కట్టారు. తెర వెనక ముద్దసాని, రెండు వీణలు. ఆచారం ఆచారమే కనుక చాటింపు మాత్రం తప్పలేదు.

"పదివేల వరహాలు!"

వీణ మోగింది. సభ నడుము దాకా ఊగింది. నాగిశెట్టి అందరికంటే ఎక్కువ ఊగి, "అదీ బంగారం పలుకంటే!" అన్నాడు.

"రెండు వందల వరహాలు!"

మెడలు కొంచెం ఊగాయి. ఒకాయన ఆవలించాడు.

అప్పుడు ముద్దసాని తెర తీసి బయటికి వచ్చింది. "క్షమించాలి ప్రభూ. పదివేలన్నప్పుడు ఆచారి వీణ వాయించాను. రెండు వందలన్నప్పుడు శెట్టిగారిది. చెవులు వింటున్నాయో, చాటింపు వింటోందో చూద్దామని."

ఆవలించిన ఆయన నోరు ఇంకా మూసుకోలేదు.

ఇక పోలయాచారి గెలిచాడనే కదా మీరనుకుంటున్నారు? నేనూ అలాగే అనుకున్నాను. కానీ రాజులు మనలా ఆలోచించరు.

మల్లభూపతి ముఖం ఎర్రబడింది. "అంటే ఏ వీణైనా ఒకటే అన్నమాట! ఇన్నాళ్లూ వెర్రివాళ్లమయ్యాం. తేడా అంతా చాటింపులోనే ఉంటే నలభై ఏళ్ల చెట్టెందుకు? నాలుగేళ్ల చెట్టు చాలదూ? తోపు శెట్టికే ఇచ్చేద్దాం. బంగారం కనీసం మెరుస్తుంది."

పోలయాచారి ఒక్క అడుగు ముందుకు వేశాడు. గెలిచిన ఆటలోనే తోపు పోతోంది.

"ప్రభూ, మూడు రోజులన్నారు. ఇంకొక్క రోజుంది. తేడా ఉంది ప్రభూ. అది ఎక్కడుందో చూపిస్తాను."

"సరే. రేపు చూపించలేకపోతే ఎల్లుండి గొడ్డళ్లు వెళ్తాయి" అన్నాడు రాజు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. వీణ మెట్లను దండి మీద మైనంలో నిలబెడతారు. తెరలు కట్టిన ఆ సభలో ఉక్కకు మైనం మెత్తబడి, శెట్టిగారి వీణ మెట్లు పక్కకు జరిగాయి. వాటిని చెవితో విని సరిచెయ్యగలిగినవాడు ఆ రాజ్యంలో ఒక్కడే. కనుక నాగిశెట్టి తన వీణను సాయంత్రం పోలయాచారి ఇంటికే పంపించవలసి వచ్చింది.

పోలయాచారి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. మైనం వేడి చేశాడు. ఒక్కొక్క మెట్టూ నిలబెట్టాడు. పని అయ్యాక అలవాటు కొద్దీ కుండ వెనక బంగారం లేని చోట వేలితో తట్టాడు. చెక్క టక్కుమనలేదు. లోపల ఎవరో కూర్చుని ఊఁ కొట్టినట్టయింది.

మళ్లీ తట్టాడు. చెక్క నార దీపం దగ్గర పెట్టి చూశాడు.

అతని భార్య సూరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏమయ్యా, దయ్యం పట్టినవాడిలా ఆ చూపేంటి?"

"ఈ చెక్క మన చెక్క కంటే మంచిది సూరీ. ఎవరో మహానుభావుడు చేశాడు. ఆ బంగారు రేకు పలకను నొక్కేసి దీన్ని మాట్లాడనివ్వడం లేదు."

"ఎవరికైనా చెప్పావా?"

"నీకు చెప్పానుగా."

"అయితే నాతోనే ఆగిపోనీ. నోరు మూసుకుని ఉండు. తోపు ఉంటుంది."

పోలయాచారి ఆ కుండను ఇంకోసారి తట్టాడు. అది చూసి సూరమ్మకు భయం వేసింది.

మూడో రోజు పోలయాచారి మూడు వీణలతో సభకు వచ్చాడు. శెట్టిగారిది ఒకటి. తనది ఒకటి. మూడోది మిగిలిన చెక్కముక్కలు అతికించి, నేర్చుకునే పిల్లల కోసం చేసింది. దాని వెల ఇరవై వరహాలు.

"ప్రభూ, ఈ రోజు చాటింపు వద్దు. పాట కూడా వద్దు."

"పాట లేకుండా వీణ ఏమిటయ్యా?" అన్నాడు రాజు.

ముద్దసాని అందుకుంది. "నేను వాయిస్తే మీకు నా వేళ్లే వినపడతాయి ప్రభూ. ఇరవై వరహాల వీణ కూడా నా చేతిలో రెండు వందలదిలా నడుస్తుంది. చెక్క వినపడాలంటే నేను ఊరుకోవాలి. గొప్ప చెప్పుకోవడం కాదు." గొప్ప చెప్పుకోవడమే, కానీ నిజం.

"తీగను ఒక్కసారే మీటుతారు" అన్నాడు పోలయాచారి. "అందరూ ఒక వేలు ఎత్తి పట్టుకోండి. నాదం వినపడినంతసేపూ ఎత్తే ఉంచండి. ఆగిపోయిందనిపించినప్పుడు దించండి. ప్రభువులు ఈ చింతగింజలు ఒక్కొక్కటీ బట్ట మీద పెడుతూ ఉండాలి. చివరి వేలు దిగేదాకా."

రాజుకు ఈ ఆట నచ్చింది. చింతగింజలు దోసిట్లోకి తీసుకున్నాడు.

ముందు ఇరవై వరహాల వీణ. ముద్దసాని మీటింది. సభంతా వేళ్లు. ఆ సభ అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. తొమ్మిది గింజలకు వేళ్లన్నీ దిగాయి.

తరువాత పోలయాచారి వీణ. పది, పన్నెండు, పద్నాలుగు. పదహారో గింజకు చివరి వేలు దిగింది.

తరువాత పదివేల వరహాల వీణ. ఏడో గింజకే వేళ్లు దిగిపోయాయి. నాగిశెట్టి వేలు మాత్రం ఎత్తే ఉంది.

"శెట్టిగారూ, ఇంకా వినపడుతోందా?" అంది ముద్దసాని.

"నాకు వినపడుతోంది" అన్నాడు నాగిశెట్టి. సభ నవ్వింది. నెమ్మదిగా దించాడు.

రాజు లేచాడు. "తేడా ఉంది! చెవితో విన్నాం, చేత్తో లెక్కపెట్టాం. ఇరవైకీ రెండు వందలకీ మధ్య తేడా చెవికి. రెండు వందలకీ పదివేలకీ మధ్య తేడా కంటికి. ఆచారీ, తోపు నీదే!"

పోలయాచారి తల ఎత్తలేదు.

"ఏమయ్యా, సంతోషం లేదా?"

"ప్రభూ... శెట్టిగారి వీణ ఇంకా పలకలేదు."

ఆడవాళ్ల వైపు నుంచి సూరమ్మ నిట్టూర్పు వినపడింది. చింతగింజలు పెట్టి చూస్తే ఆ నిట్టూర్పు మూడు వీణలనూ ఓడించేది.

"దాని పలక మీద రేకు తీసి మీటితే ఎలా ఉంటుందో నాకు తెలుసు ప్రభూ. సెలవిస్తే తీస్తాను."

నాగిశెట్టి అడ్డం వచ్చాడు. "నా బంగారం మీద ఉలి పెడతావా?"

"పెట్టకపోతే మీరు ఓడిపోయారు శెట్టిగారూ. పెడితే గెలుస్తారేమో."

నాగిశెట్టి తికమకపడ్డాడు. "నేను గెలిస్తే నీకేం లాభం?"

"లాభం ఏమీ లేదు. మంచి చెక్క నోరు నొక్కి గెలిచానంటే, రేపు ఉలి పట్టుకోవడానికి నా చెయ్యి రాదు."

రాజు సరేనన్నాడు. పోలయాచారి చిన్న ఉలితో మేకులు ఒక్కొక్కటీ లేపాడు. రేకు ఊడి చాప మీద పడింది. కింద పలక ముదురు తేనె రంగులో ఉంది.

ముద్దసాని మీటింది.

పది గింజలు. పద్నాలుగు. పదహారు దాటింది. పోలయాచారి కళ్లు మూసుకున్నాడు. ఇరవై. ఒక్కొక్క వేలే దిగుతోంది. ఇరవై మూడో గింజకు సభలో ఒక్క వేలే మిగిలింది. అది నాగిశెట్టిది. అతను దించడం మరిచిపోయాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"శెట్టీ, నీ వీణే గెలిచింది" అన్నాడు రాజు.

నాగిశెట్టికి ఒక్కసారి మెలకువ వచ్చింది. "అయితే తోపు నాదే కదా ప్రభూ!"

"ఒక్క మాట. ఈ వీణ చేసిన చెట్టు వయసెంత?"

"బంగారం నూట యాభై తులాలు ప్రభూ. కెంపులు రెండు. పనివాడి కూలి వేరే. చెట్టు వయసా?" నాగిశెట్టి అటూ ఇటూ చూశాడు. "చెట్టు వయసు ఎవరడుగుతారు ప్రభూ?"

"ఆచారీ, నువ్వు చెప్పు."

"అరవై దాటింది ప్రభూ. నార చూస్తే తెలుస్తుంది. మా వంశంలో నలభైకి కొట్టేవాళ్లం. ఇంకో ఇరవై ఏళ్లు ఓపిక పట్టాలని ఈ వీణ చేసినాయనకు తెలుసు. నాకు నిన్నటిదాకా తెలియదు."

మల్లభూపతి బట్ట మీది చింతగింజలను మళ్లీ దోసిట్లోకి తీసుకున్నాడు.

"గొప్ప వీణ ఎవరిదైతే తోపు వారిదన్నాను. ఆ మాట తప్పు. వీణ ఎవరైనా కొనుక్కోవచ్చు. తోపును చూసుకోవడానికి రెండు కావాలి. చెట్టు వయసు తెలియాలి. తన చెట్టు కంటే మంచి చెట్టు కనిపిస్తే, నష్టమైనా ఒప్పుకోవాలి. తోపు పోలయాచారి దగ్గరే ఉంటుంది. ఇక నుంచి అరవై ఏళ్లు నిండని చెట్టు మీద గొడ్డలి పడకూడదు."

నాగిశెట్టి తగువు పెట్టుకుంటాడని అందరూ అనుకున్నారు. అతను పెట్టుకోలేదు. చాప మీద పడిన బంగారు రేకును తియ్యడం కూడా మరిచిపోయి, వీణ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, ఇంకొక్కసారి మీటండి" అన్నాడు ముద్దసానితో. మీటింది. ఆ నాదం పూర్తిగా ఆగేదాకా అతను కదల్లేదు. తరువాత చిన్న గొంతుతో అన్నాడు: "ఇన్నేళ్లూ ఈ పలుకు నా ఇంట్లోనే ఉందా?"

చాటింపువాడు నేల చూపులు చూశాడు.

పిల్లలూ, నీతి ఇదీ: వస్తువు విలువ దాని మీద ఎక్కించినదానిలో లేదు, దాని లోపల ఓపికగా పెరిగినదానిలో ఉంది, అది వెల అడిగితే తెలియదు, నోరు మూసుకుని చివరిదాకా వింటే తెలుస్తుంది. ఇంత చెప్పినా, చివరిదాకా వినడం మాత్రం నాకింకా చేతకాలేదు.