నూనె డబ్బాల వెనక కిటికీ

పరాంకుశం మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ముందు చెవి గోక్కునేవారు. జవాబు ఆ చెవిలోంచి రాలుతుందేమోనని ఆయన శిష్యులం మేమంతా కాచుకు కూచునేవాళ్ళం. రాలేది కాదు. "కాస్త ఆగు, ఏదో ఒకటి జరుగుతుంది" అనేవారు. వైద్య కళాశాలలో ముప్పై ఏళ్ళు శరీర నిర్మాణం పాఠం చెప్పిన మనిషి ఒక్క ప్రశ్నకీ తిన్నగా జవాబు చెప్పకపోవడం మాలో చాలామందికి మింగుడుపడేది కాదు. అయితే, ఏదో ఒకటి జరిగేమాట మాత్రం నిజం.

ఉద్యోగం అయిపోయాక ఆయన పెద్దాసుపత్రి ఎదురుగా ఒక భోజనశాల కట్టించారు. రోగుల వెంట వచ్చినవాళ్ళకి మధ్యాహ్నం పూట ఉచితంగా అన్నం పెట్టడానికి. ఉద్దేశం అందరికీ నచ్చింది గానీ కట్టడమే ఎవరికీ అర్థం కాలేదు. కుడివైపు రెండు గదులు, ఎడమవైపు రెండు గదులు. నడిమి గోడలో సూది బెజ్జమంత సందు కూడా లేదు. ఎంగిలి కంచాలు కుడివైపు మొదటి గదిలోకి వస్తాయి, అక్కణ్ణుంచి రెండో గదిలోకి, అక్కణ్ణుంచి పెరట్లో కుళాయిల దగ్గరికి. తోమి గాలికి ఆరబెట్టిన కంచాలు ఎడమవైపు మొదటి గదిలోకి వస్తాయి, అక్కణ్ణుంచి రెండో గదిలోకి. అదే వంటగది. అక్కడ అన్నం, కూర నింపుకుని వడ్డన తలుపు గుండా పందిట్లోకి పోతాయి. తలుపులన్నీ ముందుకే తెరుచుకుంటాయి. వెనక్కి వద్దామని తోస్తే గడపకి కొట్టుకుని మూసుకుపోతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు నుదురు బొప్పి కట్టించుకోకుండా ఆ ఇల్లు నేర్చుకున్నది లేదు.

వంటగది గోడని మిగతా గోడల కన్నా మూడింతలు మందంగా కట్టమన్నప్పుడు తాపీమేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "దూరం పంపాల్సిన గది అదేనయ్యా" అన్నారు మాస్టారు. అది మనిషి గుండె నమూనా అని మాకు చాలా రోజుల తరవాత గానీ తెలియలేదు. తెలిశాక మాత్రం, మాకు ముందే తెలుసన్నట్టు అందరికీ చెప్పుకు తిరిగాం.

ఆ ఇంట్లో ఇంకొక వింత కూడా ఉంది. వడ్డన తలుపు దాటగానే, పందిట్లో మొదటి బంతి కన్నా ముందు, గోడలో చిన్న కిటికీ. దాని వెనక పనివాళ్ళ వసారా. అన్నంతో బయటికి వచ్చిన మనిషి మొదట ఆ కిటికీలో రెండు కంచాలు పెట్టి, ఆ తరవాతే బంతిలోకి వెళ్ళాలి. వంటవాళ్ళూ వడ్డించేవాళ్ళూ చేతిలో పని ఆగినప్పుడల్లా వంతులవారీగా అక్కడ కూచుని తినేవాళ్ళు. ఇది ఎందుకని ఎవరూ అడగలేదు. అన్నం దొరికే చోట మనం ప్రశ్నలు తక్కువ వేస్తాం.

మాస్టారి శిష్యుల్లో అందరికన్నా భక్తి గలవాడు సన్యాసిరావు. సైకిల్ షాపు కొడుకులకి అప్పగించి భోజనశాల సేవలోకి వచ్చాడు. చెప్పులు వేసుకోడు, మంచం మీద పడుకోడు, ఎవరైనా పొగిడితే చెవులు మూసుకుంటాడు. అంత మంచివాడితో వేగడం కష్టమే. ఆ ఏడు ఎండాకాలంలో మాస్టారు స్నానాలగదిలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. లోకానికంతటికీ ఎముకల పేర్లు చెప్పిన మనిషి, శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, కూతురింట్లో మంచం పట్టారు. భోజనశాల సన్యాసిరావు చేతికి వచ్చింది.

వచ్చీ రాగానే అతనికి ఆ కిటికీ కంట్లో నలుసైంది. "అతిథి కన్నా ముందు పనివాడు తినడమా? ఇదేం సేవ?" అన్నాడు. కిటికీ మూసి, దాని ముందు నూనె డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్పించాడు. ఆఖరి అతిథి చెయ్యి కడుక్కున్నాకే సేవకుడు కంచం ముందు కూచోవాలని ఎర్రరంగుతో గోడ మీద రాయించాడు. ఊరికే రాయించి ఊరుకోలేదు, అందరికన్నా ఆఖరున తనే తినేవాడు. అందుకే ఎవరూ నోరెత్తలేకపోయారు. బంతులు మాత్రం రోజురోజుకీ పెరిగాయి. ఆసుపత్రి ఉన్నన్నాళ్ళూ ఆకలికి కొదవేమిటి?

మాస్టారు చేతికర్రతో మళ్ళీ భోజనశాలకి వచ్చిన రోజునే సన్యాసిరావుకి పెద్ద చిక్కు వచ్చిపడింది. అతని అన్న అప్పలనరసయ్య గుండెనొప్పి వచ్చి ఎదురు ఆసుపత్రిలోనే ఉన్నాడు. చిన్నప్పుడే తండ్రి పోతే, రేవులో మూటలు మోసి తమ్ముణ్ణి, ఇద్దరు చెల్లెళ్ళని పెంచి పెద్దచేసినవాడు ఆ అన్న. గుండెకి రక్తం అందడం లేదనీ, మూడు చోట్ల అడ్డు పడిందనీ, కాలిలో నరం తీసి గుండెకి కుట్టాలనీ డాక్టర్లు చెప్పారు. సాయంత్రంలోగా ఒప్పుకుంటే మర్నాడు పొద్దున్నే చేస్తామన్నారు, ఆలస్యం చేస్తే మనిషి దక్కడని కూడా అన్నారు.

చుట్టాలు తలా ఒక మాట అన్నారు. బావమరిది అది గ్యాసేనన్నాడు. పెదబావ, కడుపు కోస్తే బతుకుతాడు గానీ గుండె కోస్తే బతుకుతాడా అన్నాడు. ఒకాయన వెల్లుల్లి రసం పంపించాడు. వదిన మాత్రం కళ్ళు తుడుచుకుని, "మరిదీ, నువ్వు మాస్టారి దగ్గరుంటావు. నీకు తెలుస్తాది. నువ్వు ఊఁ అంటే ఊఁ, వద్దంటే వద్దు" అంది. అన్న ప్రాణం సన్యాసిరావు నాలుక చివరకి వచ్చి నిలబడింది. ఆ నాలుక ఎటూ తిరగడం లేదు. పాపం, అతనికి భయం వేసింది. అంత పెద్ద మనిషి దారి తప్పిన పిల్లాడి మొహం వేసుకుని మాస్టారి ముందుకి వచ్చి నిలబడ్డాడు.

రెండో బంతి నడుస్తోంది. మాస్టారు వంటగది పక్క వరండాలో కుర్చీ వేయించుకుని కూచున్నారు.

"మాస్టారూ, నాకు బుర్ర తిరిగిపోతంది. గుండె అంటే నాలుగు గదులని తమరే చెప్పారు. ఒళ్ళంతా తిరిగి అలిసిన రక్తం కుడివైపు పైగదిలోకొస్తది. కిందగదిలోకి దిగి ఊపిరితిత్తులకి పోతది. అక్కడ గాలి పట్టుకుని ఎడమవైపు పైగదికి, కిందగదికి వచ్చి, పెద్ద గొట్టంలోంచి ఒళ్ళంతటికీ పోతది. అవునా?"

"అవును."

"అంటే రాత్రీ పగలూ గుండె నిండా రక్తమే. మరి గుండెకి రక్తం చాలడం లేదంటారేటి మాస్టారూ? ఏటిలో ఉన్న చేపకి దాహం వేసిందంటే నమ్ముతామా? ఈ డాక్టర్లు మమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తన్నారా, నాకే అర్థం కావడం లేదా?"

మాస్టారు చెవి గోక్కున్నారు.

సన్యాసిరావు సహనం ఆ రోజు అరువు తెచ్చుకున్నదే. "ఇవాళ ఆగే వీలు లేదు మాస్టారూ, సాయంత్రంలోగా చెప్పాలి" అన్నాడు. మాస్టారు ఏదో చెప్పడానికి నోరు తెరిచారు గానీ, అదే సమయానికి వంటగదిలో ఏదో దబ్బున పడిన చప్పుడైంది. ఆ వెనకే గరిటె ఖంగుమంది.

పడింది ఎర్నమ్మ. ఆ భోజనశాల మొదలైన నాటినుంచీ అన్నం వార్చి వడ్డనకి అందించే మనిషి. ఈతచాప మీద నడుమెత్తు అన్నం రాశి పొగలు కక్కుతోంది, దాని పక్కనే ఆవిడ వెల్లకిలా పడి ఉంది. గంజి గుండిగ జానెడు దూరంలో ఉంది. అటు పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే మాకు ఒళ్ళు జలదరించింది. ఇక చూడాలి మా హడావిడి. ఒకడు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టాడు. ఒకడు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టాడు. దిష్టి అన్నది ఒకావిడ. వేడి చేసిందన్నాడు ఇంకొకడు. అతిథుల్లో ఒక పెద్దమనిషి ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి, ఇది గ్యాసేనని తేల్చేశాడు.

మాస్టారు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, కష్టం మీద కూలబడి, ఆవిడ నాడి చూశారు. మొహాన నీళ్ళు చల్లితే ఎర్నమ్మ కళ్ళు తెరిచింది. లేచి పమిట సర్దుకోబోయింది.

"పొద్దున్నుంచీ ఏం తిన్నావమ్మా?" అని అడిగారు మాస్టారు.

"ఏటీ నేదు బావూ. బంతులు అవనేదు గదా."

"నిన్న?"

ఎర్నమ్మ సన్యాసిరావు వైపు చూసి, తల దించుకుంది. "నిన్న పొద్దుగూకి ఇంటికెల్లినాక ఇంత గంజి తాగినాను. ఆకలి సచ్చిపోతాది బావూ, అప్పుడింక తినబుద్ధవదు."

సన్యాసిరావు నిర్ఘాంతపోయాడు. మనసులో చెడ్డ ఉద్దేశం లేని మనిషి, ఆశ్చర్యం కొద్దీ గట్టిగానే అనేశాడు. "ఇదేటమ్మా! చుట్టూ అన్నం పెట్టుకుని, అందరికీ నీ చేత్తో అందిస్తూ, నువ్వు ఆకలితో పడిపోవడమేటి?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే ఏదో తగిలినట్టయింది. అన్నం రాశి వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎర్నమ్మ మెల్లిగా అంది. "ఆ రాశి నాది కాదు గదా బావూ. బంతిది."

మాస్టారు కర్ర పట్టుకుని లేచి, వడ్డన తలుపు దాటి పందిట్లోకి వెళ్ళి, గోడ వైపు చూశారు. ఎర్ర అక్షరాలు చదివారు. నూనె డబ్బాలు చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. మాస్టారికి కోపం రావడం మేము చూసింది అదే మొదలు.

"నా కిటికీ ఏదిరా, సన్యాసీ?"

"వెనక ఉంది మాస్టారూ."

"తియ్యి."

సాయానికి వెళ్ళిన వాళ్ళని మాస్టారు కర్ర అడ్డం పెట్టి ఆపారు. సన్యాసిరావు ఒక్కడే ఒక్కొక్క డబ్బా దించాడు. కింది వరస డబ్బాలు కారి, నూనె గడ్డకట్టి, గోడకి అంటుకుపోయాయి. ఒకదాన్ని కదపడానికి కాళ్ళు తన్నిపెట్టి లాగాల్సి వచ్చింది. ఆఖరికి రెక్క తెరుచుకుంది. మాస్టారు అన్నం కంచం ఒకటి తెప్పించి, తన చేత్తో ఆ కిటికీలోంచి వసారాలోకి జరిపారు. ఎర్నమ్మని అప్పటికే అక్కడ గోడకి ఆనించి కూచోబెట్టారు. ఆవిడ తింటుంటే ఎవరమూ అటు చూడలేకపోయాం.

సన్యాసిరావు నూనె చేతులు పంచెకి తుడుచుకుంటూ అడిగాడు. "గుండెకీ ఇలాంటి కిటికీ ఉంటదా మాస్టారూ?"

"నేను ఊరికే కట్టించానా?" అన్నారు మాస్టారు. ఆ రోజు మాత్రం చెవి గోక్కోకుండానే చెప్పారు. "గదుల్లో నిండిన రక్తం గుండెది కాదు, పంపకానిది. ఆ గోడల మందానికి అది లోపలికి ఇంకదు. ఎడమ కిందగది తలుపు దాటగానే, పెద్ద గొట్టం మొదట్లోనే, రెండు సన్నటి పాయలు చీలి వెనక్కి తిరిగి గుండె మీదికే వస్తాయి. మెదడుకి పోకముందే, చేతికీ కాలికీ పోకముందే. అది కూడా గుండె బిగిసినప్పుడు కాదు, రెండు దెబ్బల మధ్య కాస్త సడలినప్పుడే దాని నోట్లో నాలుగు మెతుకులు పడేది. గుండెని చేసినవాడికి నీ అంత భక్తి లేదురా, సన్యాసీ."

సన్యాసిరావు గోడ మీద ఎర్ర అక్షరాల వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూటల కింద వంగిన అన్న వీపు కళ్ళ ముందు ఆడి ఉంటుంది. అయినా చిక్కు పూర్తిగా విడలేదు. "మరి కాలిలో నరం తీసి కుట్టడమేటి మాస్టారూ? కాలికీ గుండెకీ ఏటి సంబంధం?"

"ఆ కింది డబ్బాలు ఎంత లాగినా రాలేదనుకో. ఏం చేసేవాడివి?"

సన్యాసిరావు నూనె జిడ్డు పట్టిన గోడని వేళ్ళతో తడిమాడు. "పక్కన ఇంకో కిటికీ కొట్టేవాణ్ణి. పెరటి కిటికీ రెక్క పీకి తెచ్చయినా సరే..." అని, మాట మధ్యలో ఆగిపోయాడు.

మాస్టారు కర్రతో ఒక డబ్బాని దారిలోంచి పక్కకి నెట్టారు.

"నేను ఆసుపత్రికి పోయొస్తాను మాస్టారూ. వదినకి ఊఁ అని చెప్పాలి" అని కండువా భుజాన వేసుకుని, రోడ్డు వైపు పరుగు లాంటి నడక అందుకున్నాడు.

"ఒరే, తిన్నావా?" అని కేకేశారు మాస్టారు.

సన్యాసిరావు నిలబడి, మూడో బంతికి జనం కూచుంటున్న పందిరి వైపు ఒకసారి చూశాడు. "లేదు మాస్టారూ. బంతులింకా అవలేదు గదా."

మాస్టారు కిటికీలో రెండో కంచం పెట్టారు.

"ఇందాక ఎర్నమ్మా ఆ మాటే అంది" అన్నారు.