తెగుతుందని లాగని పోగు

పైడిరాజు ఎందులో వేలు పెట్టినా ఆ పని వచ్చేస్తుందని పేరు. ఆ పేరు ఎక్కువగా ప్రచారం చేసింది అతనే. అలాంటివాడు విశాఖపట్నంలో జోగారావు మాస్టారి దగ్గర పరిశోధనకు చేరాక, రెండు ప్లాస్టిక్కులు కలపడం దగ్గర చతికిలబడ్డాడు.

ఒకటి పాలిస్టరు, మనం నీళ్లు తాగి పారేసే సీసాల ప్లాస్టిక్కు. రెండోది ద్రవస్ఫటిక పాలిమరు. కరిగినా దీని అణువులు పుల్లల్లా బిరుసుగానే ఉండి, పక్కపక్కన ఒకే దిక్కుకు పడుకుంటాయి. ఇది కాస్త కలిస్తే పాలిస్టరు గట్టిపడాలి. మెషీనులో రెంటినీ కరిగిస్తే, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు వేడివేడి పోగు దిగేది. చల్లారాక వంచితే పుటుక్కున విరిగేది. రెండోది మరికాస్త కలిపాడు. మరికాస్త తొందరగా విరిగింది.

మాస్టారేమో ఒక్క ముక్క చెప్పరు. "మళ్లీ చెయ్యి" అంటారు. రాసిచ్చినదల్లా వెనక్కి పంపిస్తారు. చివరికి ఒక రంగుల కంపెనీ పిలిస్తే, సోమవారం చేరతానని ఒప్పేసుకున్నాడు పైడిరాజు. ఆ మాట చెప్పడానికే ల్యాబుకు వచ్చాడు గానీ, లోపల ఏడుపు తన్నుకొస్తోంది. ఆ పని మీద ఇష్టం ఇంకా చావలేదు. అదీ అతని బాధ.

"ఈ రెండూ కలవవు మాస్టారూ. మైక్రోస్కోపులో చూస్తే రెండోది పాయసంలో సగ్గుబియ్యంలా గింజలు గింజలుగా విడిగా ఉంది."

"పూర్తిగా కలవక్కర్లేదు" అన్నారు మాస్టారు.

"మరేం చెయ్యాలో చెప్పరు! ఇన్నాళ్లుగా నన్నిలా లాగుతూనే ఉన్నారు. ఇక నా వల్ల కాదండి. సోమవారం ఉద్యోగంలో చేరిపోతున్నాను."

మాస్టారు కోప్పడలేదు. "అలాగే. వెళ్లేముందు ఒకసారి మెషీను వెయ్యి."

పోగు దిగడం మొదలైంది. అది లావుగా, నున్నగా, చూడముచ్చటగా రావాలని పైడిరాజు తాపత్రయం. అందుకని చంటిపిల్లకు నీళ్లు పోసినంత జాగ్రత్తగా దాన్ని చల్లార్చే నీళ్ల తొట్టిలోకి మెల్లగా దించుతున్నాడు.

"ఎందుకంత మెల్లగా?"

"లాగితే తెగిపోదూ?"

మాస్టారు పోగు కొసను పట్టకారుతో అందుకుని, ఆ పట్టకారు అతని చేతికిచ్చారు. "గుమ్మం వైపు నడు. వెనక్కి చూడకు."

ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అనుకుంటూ, భుజాలు బిగబట్టి నడిచాడు పైడిరాజు.

"ఇంకొంచెం జోరుగా" అన్నారు వెనకనుంచి మాస్టారు.

గుమ్మం దగ్గర తిరిగి చూస్తే, పోగు చీపురుపుల్ల కన్నా సన్నబడి ఉంది. తెగలేదు.

చల్లారాక రెండు చేతులా పట్టుకుని గుంజాడు. అరచేతులు ఎర్రబడ్డాయి గానీ పోగుకు ఏమీ కాలేదు. ఒక ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. గింజలు మాయం. ఒక్కొక్కటీ సాగిసాగి పీచై, పాలిస్టరు లోపల పొడుగునా పరుచుకుని ఉంది.

దాంతో పైడిరాజుకు పాత ధోరణి తిరిగొచ్చింది. "అయిపోయింది మాస్టారూ! ఇక దీన్ని ఎవడూ ఏమీ చెయ్యలేడు!"

మాస్టారు చెయ్యి చాపారు. ముక్క తీసుకుని, కొస దగ్గర గోరు దించి, రెండు పక్కలకీ విడదీశారు. తాటాకు చీలినట్టు నిలువునా చీలిపోయింది.

పైడిరాజు మొహం వాడిపోయింది. "అయితే ఇదీ పనికిరాదా మాస్టారూ?"

"లాగినవైపే బలం నాయనా" అన్నారు మాస్టారు, చీలికలు రెండూ అతని చేతిలో పెడుతూ. "అడ్డంగా దీన్ని ఇంకా ఎవరూ లాగలేదు."

పైడిరాజు ఆ చీలికలను జేబులో పెట్టుకున్నాడు. మెషీను ఆపేశాడు. తొట్టిలో నీళ్లు పారబోసి, బల్ల తుడిచాడు. మాస్టారు తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, నెమ్మదిగా అడిగాడు.

"సోమవారం ఎన్నింటికి రమ్మంటారు మాస్టారూ?"